బంద్ రోజుల్లో ఆగని బండి

ఆ నెలలో తెలంగాణలో ఆగకుండా తిరిగింది ఒక్కటే, మా బండి. బస్సులు ఆగాయి, రైళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. బడులు, ఆఫీసులు, బొగ్గు గనులు అన్నీ ప్రత్యేక రాష్ట్రం ఇచ్చేదాకా కదలమని కూర్చున్నాయి. మా ఏడు సీట్ల బండి మాత్రం ఎవరి మాటా వినలేదు. చివరికి మా ఆయన రెండు కాళ్ళతో బ్రేకు తొక్కినా వినలేదు. తెనాలిలో చుట్టాలంతా ఫోన్లు చేసి, ఆ గొడవల్లో ఎలా వెళ్ళొచ్చారు, మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా అని అడుగుతున్నారు. అన్నారు. ఏమన్నారో, ఎందుకన్నారో ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ముందు వెళ్ళిన పని చెప్పాలి. మా చెల్లెలు లలిత భూపాలపల్లిలో టీచరు. అక్కడే బొగ్గు గనిలో పనిచేసే సమ్మయ్యను పెళ్ళి చేసుకుంది. మా నాన్నకు ఆ పెళ్ళి నచ్చలేదు. నచ్చలేదని అరిస్తే బాగుండేది, ఆయన మాట్లాడటం మానేశారు. అరిచే మనిషితో వేగొచ్చుగానీ మాట్లాడని మనిషితో ఇల్లంతా మూగబోతుంది. లలిత నీళ్ళోసుకుందని తెలిశాక చాన్నాళ్ళకు ఆయన నోరు విప్పి ఒక్క మాటన్నారు, మొదటి పురుడు మన ఇంట్లోనే జరగాలి, తరవాతి సంగతి అప్పుడు చూద్దాం అని. ఆ “అప్పుడు చూద్దాం” అనే మాటను మా అమ్మ కొంగున కట్టుకుంది. ఏడో నెలలో పిల్లను తీసుకురావాల్సింది, సమ్మెలతో కుదరలేదు. ఎనిమిదో నెలలో మా వైపు ప్రయాణం చేయించరు. ఇప్పుడు తొమ్మిదో నెల. ఈసారి తీసుకురాకపోతే నాన్న మళ్ళీ నోరు విప్పడానికి ఏ సందర్భం దొరుకుతుందో మాకెవరికీ తెలియదు.

మేముండేది హైదరాబాదులో. మా ఆయనది లెక్కలు రాసే ఉద్యోగం, బండ్ల గురించి మాత్రం ఆయనకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం. గుంటూరులో ఎవరో వాడిన బండిని కొని, గుంటూరు నంబరుతోనే తిప్పుతున్నారు. సర్వీసింగుకు ఇవ్వండి అంటే, బాగున్న బండిని పాడుచేయడమే మెకానిక్కుల వృత్తి అంటారు. బ్రేకు తొక్కడం ఆయన దృష్టిలో ఎదుటివాడికి లొంగిపోవడం. హారన్ పనిచేస్తుండగా బ్రేకు అరగదీసుకోవడం ఎందుకని ఆయన వాదన. ఈ వాదనను నమ్ముకుని, తెనాలి నుంచి రైల్లో వచ్చే అమ్మను వరంగల్లులో ఎక్కించుకుని, భూపాలపల్లి వెళ్ళి, నిండు చూలాలిని తెనాలి చేర్చాలని బయల్దేరాం.

జనగామ: షట్టర్ కింద నుంచి టీ

ఆలేరు దాటాక బండి ముందు చక్రాల్లోంచి కీచుమని చప్పుడు మొదలైంది. ఇనప పెట్టెను బండల మీద ఈడ్చినట్టుంది. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడే వస్తోందని నేను గమనించి చెప్పాను. దుమ్ము అన్నారు మా ఆయన. ఈ రోడ్డు మీద దుమ్మెక్కువట.

జనగామలో కుక్కలు తప్ప ఎవరూ రోడ్డు మీద లేరు. టీ కొట్టు షట్టర్ మూసి ఉంది, కాని కింద మూరెడు సందు ఉంది. ఆ సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి డబ్బులిస్తే, గ్లాసు బయటికి వస్తుంది. అర గ్లాసు పది రూపాయలు. ఎందుకింత అని మా ఆయన సందులోకి వంగి అడిగితే, బంద్ రేటు సారూ అని లోపల్నుంచి జవాబొచ్చింది. బంద్‌కు పూర్తి మద్దతు ఇస్తూనే టీ కూడా పూర్తిగా అమ్ముతున్న ఆ మనిషి మొహం చూడాలనిపించిందిగానీ, అంత కిందికి వంగడం నావల్ల కాలేదు.

పక్కనే ఒక మెకానిక్ షెడ్డు. అదీ మూతే. ముందు బల్ల మీద నలుగురు పేకాడుతున్నారు. వాళ్ళలో పెద్దాయన మా బండి వచ్చి ఆగడం వినే ముక్కలు కింద పెట్టాడు. “ప్యాడ్లు అరిగి ఇనుం తేలింది. ఇనుము ఇనుము రాసుకుంటుంది” అన్నాడు. ప్యాడ్లంటే చక్రంతో తిరిగే ఉక్కు బిళ్ళను రెండు పక్కలా పట్టుకుని ఆపే దిమ్మలట. మార్చమని బతిమాలాను. షట్టర్ ఎత్తితే సంఘం వాళ్ళు ఊరుకోరన్నాడు. సాయంత్రం దాకా ఉండమన్నాడు. మా ఆయనకు ఆ మాటతో పౌరుషమొచ్చింది. పేకాటలో ఓడిపోతున్నవాడు లేవడానికి వంక వెతుక్కున్నాడని కారెక్కాక తేల్చేశారు.

అప్పుడే అమ్మ ఫోను. రైలును మహబూబాబాద్‌లో ఆపేశారని, పట్టాల మీద జనం కూర్చుని పాటలు పాడుతున్నారని చెప్పింది. ఎప్పుడు కదులుతుందమ్మా అంటే, రాష్ట్రం వచ్చాక కదులుతుందట అంది. వరంగల్లు మాట మానేసి, పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ దారి పట్టాం. దారి పొడుగునా కీచు చప్పుడుకు పొలాల్లో పశువులు తలెత్తి చూశాయి.

మానుకోట స్టేషన్లో అమ్మ

మహబూబాబాద్‌ను అక్కడివాళ్ళు మానుకోట అంటారు. స్టేషన్లో అమ్మ సామాను మధ్య కూర్చుని ఉంది. చలిమిడి డబ్బా, సున్నుండల డబ్బా, చంటిపిల్లల మాడుకు పెట్టడానికి గానుగ ఆముదం పెద్ద సీసా. ఇది ఇంట్లో జరగబోయే పురుడు కదా, ఆముదం ఇక్కడిదాకా మోయడం ఎందుకంటే, కాన్పు మన చెప్పుచేతల్లో ఉంటుందా, దారిలో వస్తే అంది. ధైర్యం చెప్పడంలో మా అమ్మ తరవాతే ఎవరైనా.

అమ్మ పొద్దుటి నుంచి ఒంటరిగా ఉందని నేను బాధపడుతూ వచ్చాను. ఒంటరిగా లేదు. తండా నుంచి వచ్చిన మంగ్లీ అనే ఆవిడతో రోజంతా గడిపింది. అద్దాలు కుట్టిన రవికె, చేతుల నిండా తెల్ల గాజులు, పక్కన ఒక మూట. వాళ్ళ ఇంటి భాష వేరు, మా అమ్మకు తెనాలి భాష తప్ప తెలుగు కూడా సరిగ్గా రాదు. అయినా ఒకరి కడుపులో మాట ఒకరికి తెలిసిపోయింది. మంగ్లీ జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టిందట. ఆ కారానికి మా గుంటూరు జిల్లా పరువు పోయిందని అమ్మ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. బదులుగా సున్నుండలు పెట్టింది.

మంగ్లీ కూతురు ఖమ్మం వైపు మిరపతోటల్లో కూలికి పోయి ఉంది. నెలలు నిండాయి. ఈవిడ అక్కడికి పోతోంది. అమ్మకు అది వింతగా తోచింది. పిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలిగానీ తల్లి పరాయి చోటికి పరుగెత్తడమేమిటని అడిగిందట. ఆ సంగతి చెబుతుండగానే మంగ్లీ మూట నెత్తికెత్తుకుని లేచింది.

“బిడ్డ రాలేదు గద అవ్వా, నేనే పోతున్న” అంది మాతో. “రైలు లేకుంటె డోర్నకల్ దాక నడుస్త. ఆడ ఏదన్న దొర్కుతది.”

పట్టాల పక్కన కంకర మీద చకచకా నడిచిపోయింది. పాపం, ఏం ఖర్మ పట్టింది, పురుడు పోయడానికి పుట్టిల్లు కూడా లేదు ఆ పిల్లకి అని అమ్మ జాలిపడింది. నేనూ జాలిపడ్డాను. మా ఆయన మాత్రం ఆవిడ అంత దూరం ఏ వాహనమూ లేకుండా వెళ్తోందని మెచ్చుకున్నారు.

కీచుమనడం మానిన పొద్దు

ఆ రాత్రి లాడ్జిలో పడుకున్నాం. పొద్దున్నే మేము కాఫీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటుంటే, అమ్మ బండికి దిష్టి తీసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టివస్తానని కిందికి దిగింది. చాలాసేపు రాలేదు. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

బండి కదిలింది. చప్పుడు లేదు. ఒక మలుపు, ఇంకో మలుపు, ఎక్కడా కీచుమనలేదు. మా ఆయన మొహం వెలిగిపోయింది. దుమ్మని చెప్పానా, రాత్రి మంచుకు కొట్టుకుపోయింది అన్నారు. అమ్మ వెనక సీట్లో ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూస్తూ ముసిముసిగా నవ్వుకుంది. నిమ్మకాయల మహిమ అనుకుంటోందని నేననుకున్నాను.

నర్సంపేట వైపు వెళ్తుంటే ఏదో మాడుతున్న వాసన. ఆముదం దీపం కొడిగట్టినప్పటి వాసన. నేను అద్దం దించి చూశాను. మా ఆయన, ఈ ఊళ్ళవాళ్ళు పొద్దున్నే ఏవేవో కాలుస్తారని చెప్పారు. బ్రేకు ఎలా ఉందని అడిగితే, వెన్నలా ఉంది, పాదం పెట్టిందే తెలియడం లేదు అన్నారు. నెమ్మదిగా పోనివ్వమన్నాను. దారిలో అడ్డంగా పెట్టిన రాళ్ళ దగ్గరా, చెట్టు కొమ్మల దగ్గరా ఆయన గేర్లు తగ్గించుకుంటూ, హారన్ కొట్టుకుంటూ, పక్క పొలాల్లోకి దింపుకుంటూ నెగ్గుకొచ్చారు. అడ్డం పెట్టినవాళ్ళు జై కొట్టమంటే అన్నిచోట్లా జై కొట్టాం. అమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. పిల్లను చూడాలి కదా.

మొగుళ్లపల్లి దగ్గర పప్పుచారు

చదువరులకు వంటా వార్పు గురించి చెప్పాలి. మా వైపు ధర్నా అంటే టెంటు వేసి మైకు పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఎవరింటికి వాళ్ళు వెళ్తారు. ఇక్కడ రోడ్డు మీదికే పొయ్యిలు తెస్తారు. తారు రోడ్డు నడిబొడ్డున రాళ్ళు పెట్టి, కట్టెలు ఎగదోసి, ఊరంతా అక్కడే వండి అక్కడే తింటారు. రోడ్డు మూస్తున్నాం అని బోర్డు పెట్టక్కర్లేదు. ఉడుకుతున్న అన్నం మీదుగా బండి తోలేంత దుర్మార్గుడు ఉండడని వాళ్ళ నమ్మకం.

మొగుళ్లపల్లి దగ్గర ఒక పల్లం దిగగానే ఎదురుగా అదే. అడ్డంగా ఎడ్లబండి, దాని ముందు పెద్ద పెద్ద గిన్నెలు, చుట్టూ ఆడవాళ్ళు. మా ఆయన జీవితంలో మొదటిసారి దూరం నుంచే బ్రేకు మీద కాలు పెట్టారు. బండి పట్టించుకోలేదు. మళ్ళీ తొక్కారు. రెండు కాళ్ళతో తొక్కారు. హ్యాండ్ బ్రేకు లాగారు, హారన్ నొక్కి పట్టారు. నాకు భయమేసింది. అంత భయం నాకెప్పుడూ వేయలేదు. ముందున్నవాళ్ళు మమ్మల్ని ఏం చేస్తారోనని కాదు, వాళ్ళకు ఏమవుతుందోనని. అమ్మ వెనకనుంచి నా భుజం గోళ్ళతో పట్టేసింది. ఆడవాళ్ళు గరిటెలతో సహా రెండు పక్కలకూ దూకారు. బండి ఒక పెద్ద గిన్నెను ముక్కుతో నెట్టి, ఎద్దులకోసం పోసిన గడ్డికుప్పలోకి మెత్తగా వెళ్ళి కూర్చుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. పప్పుచారు మాత్రం రోడ్డంతా పారింది. కరివేపాకులు మా టైర్లకు అంటుకున్నాయి.

జనం చుట్టూ మూగారు. అందరి చూపూ ముందు గుంటూరు నంబరు మీద పడింది. నడుముకు కొంగు చుట్టుకున్న ఒకావిడ, ఊళ్ళో అందరూ కొమురక్క అంటారని తరవాత తెలిసింది, చేతిలో గరిటెతో కిటికీ దగ్గరికి వచ్చింది.

“బంద్ మీదికెళ్లి తొక్కుకుంట పోదామనుకున్నరా?” అని నెమ్మదిగా అడిగింది. అరిచి ఉంటే ఇంకా నయం.

మా ఆయన చేతులు జోడించి, “బ్రేకులు పడలేదండీ” అన్నారు. ఆ ఒక్క “అండీ”తో నంబరు ప్లేటు చదవనివాళ్ళకు కూడా మేమెవరమో తెలిసిపోయింది. సినిమాల్లో తమ మాటను ఎగతాళి చేసే భాష ఇప్పుడు పప్పుచారు పారబోసి చేతులు జోడిస్తోంది. నమ్మేవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు బండి తాళాలు లాక్కున్నారు.

అక్కడ జరిగిన న్యాయ విచారణ ఏ కోర్టులోనూ జరగదు. ఒకతను లోపల కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కిపట్టాడు. పదిమంది బండిని గడ్డిలోంచి వెనక్కి లాగి, పల్లం వైపు నెట్టారు. బండి బ్రేకుతో సహా జామ్మని వెళ్ళింది. మళ్ళీ నెట్టారు, మళ్ళీ వెళ్ళింది. ముసలివాళ్ళు కూడా వచ్చి ఒక చెయ్యి వేసి నెట్టి చూసుకున్నారు. మొదట ఒకరు నవ్వారు, తరవాత అందరూ. నిజమే, గిది ఆగుతలేదు అని తీర్పు వచ్చింది. మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. ఆయన బండి గురించి ఇంతమంది ఒకేసారి ఒకే అభిప్రాయానికి రావడం అదే మొదలు.

కొమురక్క మా అమ్మను దింపి, ఎక్కడికి పోతున్నారని అడిగింది. అమ్మ చలిమిడి డబ్బా చూపించింది. తొమ్మిదో నెల అంది. అంతే, ఆవిడ గరిటె కిందికి దించింది. అలాగని శిక్ష తప్పలేదు. పారబోసిన పప్పుచారు మేమే మళ్ళీ పెట్టాలి. అమ్మ చింతపండు పిసకాలి, నేను ఉల్లిగడ్డలు కోయాలి. బండి బాగయ్యేదాకా కదలడానికి లేదు. ఇది శిక్షో ఆతిథ్యమో నాకిప్పటికీ తేలలేదు.

పాన ముట్టని మెకానిక్

మెకానిక్ అక్కడే ఉన్నాడు. పేరు ఓదెలు. బస్సు డిపోలో చేస్తాడు, సమ్మెలో ఉన్నాడు. గొంతు మైకు అక్కర్లేనంత ఉంది. అప్పటిదాకా ఎడ్లబండి ఎక్కి ఉపన్యాసం ఇస్తున్నది ఆయనే. మేము సంతోషపడేలోపే చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“సమ్మెల ఉన్న. పాన ముట్ట” అన్నాడు. “కుర్సీ ఎయ్యుండ్రి, చెప్త. సారు చేస్తడు.”

అలా ఒక మెకానిక్ కుర్చీలో, ఒక లెక్కల మనిషి బండి కింద. చేయి తగిలితే సమ్మె విఫలమవుతుందని ఓదెలు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, గడ్డంతో చూపిస్తూ హుకుములు జారీచేశాడు. జాకీ అక్కడ పెట్టమన్నాడు, అక్కడ కాదన్నాడు. మధ్యమధ్యలో జనం వైపు తిరిగి నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి ఉపన్యాసం కొనసాగించాడు. ఆయన నదుల వాటా చెబుతున్నప్పుడు మా ఆయన ఏ బోల్టు విప్పాలో తెలియక పానా పట్టుకుని ఎదురుచూసేవారు. బ్రేకు గొట్టంలో గాలి చేరిందని మొదట ఖాయంగా ప్రకటించాడు. ఆ ప్రకటన నమ్మి చాలాసేపు పెడల్ తొక్కి గాలి తీశాం. గాలి లేదు. ప్రపంచంలో గాలి లేని చోటు అదొక్కటేనన్నట్టు ఓదెలు ఆ సంగతి కొట్టిపారేశాడు.

చక్రం విప్పాక కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు. ఉక్కు బిళ్ళ నిగనిగలాడుతోంది. ముక్కు దానికి దగ్గరగా పెట్టాడు. మొహం మారింది.

“గిదేంది, ఆముదం” అన్నాడు. “చక్రానికేమన్న కాన్పయిందా?”

అందరూ మా ఆయన వైపు చూశారు. మా ఆయన నా వైపు చూశారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చింతపండు పిసుకుతున్న చేతిని ఆపింది.

“తలుపు కీచుమంటే వెయ్యమూ, మిషను కీచుమంటే వెయ్యమూ?” అంది. “ఆ చప్పుడుకి కడుపులో బిడ్డ ఉలిక్కిపడుతుందని, చువ్వల సందులోంచి కొంచెం వేశాను. రెండు వైపులా.”

కొంచెం అంటే సగం సీసా. అరిగిపోయి ఇనుము తేలిన ప్యాడ్లకు నూనె పట్టించి, ఆ బండిలో ముగ్గురం నర్సంపేట దాటి వచ్చామన్న సంగతి అప్పుడు అర్థమైంది. జనం మాత్రం నవ్వీ నవ్వీ అలిసిపోయారు. కొమురక్క కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ అమ్మ పక్కన కూర్చుని, తాను కూడా ఒకసారి కొడుకు సైకిల్ బ్రేకులకు నూనె వేసిందని, వాడు నేరుగా చెరువులోకి పోయాడని చెప్పింది. ఆ తరవాత ఇద్దరూ కొడుకులూ కూతుళ్ళ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఫోను అందుకుని సమ్మయ్య భూపాలపల్లి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. దారిలో పరకాల వైపు తిరిగి, ఎవరో షాపు షట్టర్ సగం ఎత్తించి కొత్త ప్యాడ్లు తెచ్చాడు. పెళ్ళయ్యాక అమ్మ అల్లుణ్ణి చూడటం అదే రెండోసారి. అతను చెప్పులు విప్పి, రోడ్డు మీదే ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. అమ్మ చేతుల నిండా చింతపండు. మోచేత్తో ఆశీర్వదించింది.

“భయపడ్డరా అత్తమ్మా?” అని ఒక్కటే అడిగాడు. అమ్మ లేదంది. అది అబద్ధమని అతనికీ తెలుసు, అక్కడే పక్కన కూర్చుని మిగతా చింతపండు తను పిసికాడు.

ప్యాడ్లు బిగించింది మా ఆయనే, బిళ్ళను పెట్రోలుతో, సబ్బుతో తోమింది మా ఆయనే. ఓదెలు కుర్చీలోంచి లేవకుండానే పని పూర్తిచేశాడు. అందరం రోడ్డు మీద బంతి కూర్చుని తిన్నాం. మా అమ్మ అలవాటు కొద్దీ పప్పుచారులో బెల్లం వేసింది. మొదటి ముద్దకే బంతంతా ఆగిపోయింది. గిదేంది తియ్యగున్నది, పాయసమా అని ఒకతను అడిగాడు. అయినా గిన్నె ఖాళీ అయింది, బంద్ రోజుల్లో ఎవరూ వంకలు పెట్టరు.

బయల్దేరే ముందు ఒకతను రంగు డబ్బాతో వచ్చి, నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాస్తానన్నాడు. మా ఆయన కంగారుపడి చట్టం గురించి ఏదో మొదలుపెట్టారు. అమ్మ కలగజేసుకుని, రాయి నాయనా, ఆ అక్షరాల వల్ల బండికి ఒరిగిందేముంది అంది. రాశాడు. ముందు ప్లేటు మీద అది ఇప్పటికీ అలాగే ఉంది.

భూపాలపల్లి

లలిత గుమ్మంలో నిలబడి ఉంది. కడుపు ముందుకు వచ్చి, మొహం తేటగా ఉంది. అమ్మను చూసి ఏడ్చింది, నన్ను చూసి ఏడ్చింది, బండి వైపు చూసి ఏడుపు ఆపేసింది. సమ్మయ్య అప్పటికే ఫోన్లో అంతా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే అమ్మ లలితకు తలంటి, చలిమిడి పెట్టింది. పక్క క్వార్టర్ల వాళ్ళంతా వచ్చారు. వాళ్ళ వైపూ మొదటి కాన్పు తల్లిగారింట్లోనే, కాని ఈ రోజుల్లో నిండు నెలల పిల్లను అన్ని అడ్డంకులు దాటించి తీసుకుపోవడమా అని వాళ్ళకూ బెంగ. లలిత మాత్రం బ్యాగు సర్దుకుని సిద్ధంగా ఉంది. భయంగా ఉందా అని చాటుగా అడిగాను. ఉందక్కా, కాని నాన్న పిలిచింది ఇన్నాళ్ళకు ఇదొక్కసారే కదా అంది. ఆ మాట విని నాకు నాన్న మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

మా ఆయన బండి స్టార్టు చేసి, వాకిట్లో ముందుకీ వెనక్కీ నడిపి, నాలుగుసార్లు టక్కున ఆపి చూపించారు. చూశారా అత్తయ్యగారూ, గోడలా ఆగింది అన్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. తరవాత వెళ్ళి, బండిలో పెట్టిన లలిత బ్యాగు దింపింది. తన సంచీ కూడా దింపింది.

“బండి మంచిదే బాబూ. మీరు బ్రేకు తొక్కరు” అంది మా ఆయనతో. తరవాత నాతో, “ఆ తండా ఆవిడ పట్టాలెంబడి నడిచిపోయిందే. నేను జాలిపడ్డాను. ఆవిడకున్న బుద్ధి నాకు నిన్న పప్పుచారులో పడితేగానీ రాలేదు. నేనిక్కడే ఉంటాను.”

నాన్నకు ఏం చెప్పాలని అడిగాను. ఆ సంగతి నేను చూసుకుంటానంది. ఫోను లలిత చేతికి కూడా ఇవ్వకుండా తనే చేసింది. పురుడు ఇక్కడే, చూడాలనుకుంటే మీరే రండి అని చెప్పి పెట్టేసింది. నలభై ఏళ్ళ కాపురంలో అమ్మ ఆయన కంటే ముందు ఫోను పెట్టేయడం నేను చూడలేదు. లలిత అక్కడే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తిరుగు ప్రయాణంలో హనుమకొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను. మా ఆయన ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కుతూ నడిపారు.

ఇంటికొచ్చాక

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. మాడుకు ఆముదం చాలడం లేదని అమ్మ ఫోన్లో గొణిగింది, సగం చక్రాలకే పోయింది మరి. పొల్ల మంచిగున్నది అని కూడా అంది. ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమె గమనించలేదు, నేనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న నాకు ఫోను చేశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, అది అలవాటే. తరవాత, గానుగ ఆముదం కొన్నాను, పెద్ద సీసా, పాడవకుండా ఎలా తీసుకెళ్ళాలి అని అడిగారు. మా ఆయన ఫోను లాక్కుని, మీరెందుకు శ్రమపడటం మావయ్యగారూ, నేను బండి తీసుకొచ్చి దగ్గరుండి దింపుతాను, బ్రేకులు కొత్తవి అన్నారు.

“వద్దు బాబూ” అన్నారు నాన్న. “రైళ్ళు మధ్యలో ఆపేస్తున్నారంటగా. ఆపితే ఆగుతుంది, నాకదే చాలు.”